ఉప్పునీళ్ళ యంత్రం: "ఆసుపత్రి మందు ఇంట్లోనే" అంటున్నారు, నమ్మవచ్చా?

ట్రంకురోడ్డు మెస్
ఒంగోలులో చిన్న మెస్ నడుపుతున్నాను. నిన్న ఒక ఏజెంటు వచ్చి బల్ల మీద జగ్గు లాంటి యంత్రం పెట్టాడు. కుళాయి నీళ్ళు పోసి, చెంచాడు ఉప్పు వేసి, స్విచ్చి నొక్కాడు. అడుగున ఉన్న జల్లెడ రేకు నుంచి సన్నటి బుడగలు పొగలాగా లేచాయి. కాసేపటికి దీపం ఆరిపోయి కీచుమని శబ్దం వచ్చింది. ఇదే హైపోక్లోరస్ ఆమ్లం అట. కూరగాయలు కడగవచ్చు, బల్లలు తుడవవచ్చు, చేతులకు, గాయాలకు, చివరికి నోరు పుక్కిలించడానికి కూడా వాడవచ్చట. "రసాయనమే కాదండీ, మన తెల్ల రక్తకణాలు తయారుచేసుకునేది ఇదే" అన్నాడు. ధర 42 వేలు. మా వంటాయన వాసన చూసి "ఇది బ్లీచింగ్ కదా సార్" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు. మా బావమరిది మాత్రం అడ్వాన్సు ఇచ్చేయమని పట్టుబడుతున్నాడు. ఏజెంటు సోమవారం మళ్ళీ వస్తాడు. ఇందులో నిజమెంత, బూటకమెంత?

ఉలవపాడు సపోటా
ఉప్పు, నీళ్ళు, కరెంటు. వానాకాలం మా ఉప్పుటేరు పక్కన స్తంభం దగ్గరికి రండి, ఈ మూడూ ఉచితంగా దొరుకుతాయి.

చీమకుర్తి గ్రానైట్
42 వేలా! బ్లీచింగ్ బస్తా ఎంతో కనుక్కోండి ముందు.

కందుకూరు కెమిస్ట్రీ
బూటకం కాదు. అలాగని ఆయన చెప్పిందంతా నిజమూ కాదు.

ఉప్పునీళ్ళలో కరెంటు పంపితే ఒక ధ్రువం దగ్గర క్లోరిన్ పుడుతుంది. రెండో ధ్రువం దగ్గర హైడ్రోజన్ బుడగలుగా లేస్తుంది, అక్కడే క్షారం మిగులుతుంది. మీరు చూసిన పొగ అదే. క్లోరిన్ నీళ్ళలో కరిగితే హైపోక్లోరస్ ఆమ్లం అవుతుంది. కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. "రసాయనమే కాదు" అన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఉప్పే రసాయనం అయినప్పుడు ఇది కాకుండా పోతుందా?

అసలు కిటుకు పీహెచ్‌లో ఉంది. నీళ్ళు ఆమ్లం వైపు ఉన్నాయా, క్షారం వైపు ఉన్నాయా చెప్పే అంకె అది; 7 మధ్యస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. నీళ్ళలో ఈ క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, రెండోది హైపోక్లోరైట్ అయాను. పీహెచ్ 7.5 దగ్గర రెండూ సగం సగం. పీహెచ్ 6కు దిగితే నూటికి 97 పాళ్ళు ఆమ్ల రూపమే. 8.5కు ఎక్కితే ఆమ్లం పదో వంతు కూడా మిగలదు. సూక్ష్మజీవి పైపొర మీద ఋణావేశం ఉంటుంది. హైపోక్లోరైట్‌కూ ఋణావేశమే, అందుకని అది దగ్గరికి పోవడం కష్టం. ఆమ్లానికి ఆవేశం లేదు, సులువుగా లోపలికి దూరిపోతుంది. చంపే శక్తిలో ఈ రెండింటి మధ్య తేడా సుమారు 80 నుంచి 100 రెట్లని పుస్తకాల్లో రాస్తారు. కాబట్టి ఏజెంటును అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు, పీహెచ్ ఎంత అని.

ల్యాబు కోటు
కెమిస్ట్రీ గారి మాటకు కొనసాగింపు. తెల్ల రక్తకణాల సంగతి నిజమే. న్యూట్రోఫిల్ అనే కణం సూక్ష్మజీవిని మింగాక మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైముతో, హైడ్రోజన్ పెరాక్సైడు, క్లోరైడు కలిపి ఈ ఆమ్లాన్నే తయారుచేస్తుంది. చీముకు ఉండే పచ్చటి ఛాయ కూడా ఆ ఎంజైముదే.

కానీ "శరీరం తయారుచేస్తుంది కాబట్టి హాని లేదు" అనే వాదన ఉంది చూశారూ, దానితో నాకు పేచీ. మన కడుపు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. అలాగని బాత్రూము యాసిడ్‌తో పుక్కిలిస్తామా?

ఉలవపాడు సపోటా
వంటాయన ముక్కుకు ఉన్న జ్ఞానం బావమరిదికి లేదన్నమాట.

ట్రంకురోడ్డు మెస్
బావమరిది ఈ చర్చ చదువుతున్నాడు. కాస్త చూసి రాయండి.

పాత వార్డు సిస్టర్
నెల్లూరులో సర్జికల్ వార్డులో చేసి రిటైరయ్యాను. ఇది ఇప్పుడేదో జపాన్ నుంచి దిగివచ్చినట్లు చెబుతున్నారు గానీ మా కాలంలో దీని పేరు యూసాల్. లీటరు నీళ్ళకు 12.5 గ్రాముల బ్లీచింగ్ పొడి, అంతే బోరిక్ పొడి. కలిపి మూతపెట్టి ఉంచేవాళ్ళం. మర్నాడు పైన తేరిన నీటిని వడపోసి గోధుమరంగు సీసాల్లో నింపేవాళ్ళం. బోరిక్ కలిస్తే పీహెచ్ దిగి ఈ హైపోక్లోరస్ ఆమ్లమే వస్తుంది. పెద్ద పెద్ద కురుపులు, కాలిన పుండ్లు, పడక పుండ్లు, అన్నిటికీ అదే. గాజుగుడ్డ అందులో ముంచి పుండులోకి దోపితే నల్లగా కుళ్ళిన కండ మెత్తబడి ఊడివచ్చేది. రోగులు కేకలు పెట్టేవారు. ఆ వాసన నా చేతులకు ఇంటికి వెళ్ళి స్నానం చేసినా వదిలేది కాదు.

సీసా మీద తేదీ రాయకపోతే మా మేట్రన్ ఒప్పుకునేది కాదు. కొద్ది రోజులకే శక్తి పోతుంది, తర్వాత అది ఉట్టి నీళ్ళే. మెస్ గారూ, మీ ఏజెంటు ఎన్నాళ్ళు నిలవ ఉంటుందన్నాడు?

ట్రంకురోడ్డు మెస్
సిస్టర్ గారూ, "సీసాలో పోసుకుంటే ఆరు నెలలు ఢోకా లేదు" అన్నాడు.

పాత వార్డు సిస్టర్
ప్లాస్టిక్ జగ్గులో, కిటికీ పక్కన, ఆరు నెలలా! సరే.

కందుకూరు కెమిస్ట్రీ
సిస్టర్ గారు యూసాల్ పేరు ఎత్తారు కాబట్టి దాని పుట్టుక చెప్పకుండా ఉండలేను. 1915లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో లొరేన్ స్మిత్ బృందం తయారుచేసింది. "ఎడిన్‌బరో యూనివర్సిటీ సొల్యూషన్ ఆఫ్ లైమ్" అనే ఆంగ్ల మాటల మొదటి అక్షరాలతోనే ఆ పేరు పెట్టారు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో కంపియేన్ దగ్గరి యుద్ధ ఆసుపత్రిలో హెన్రీ డేకిన్ అనే రసాయన శాస్త్రవేత్త, అలెక్సిస్ కారెల్ అనే సర్జన్ (1912లోనే నోబెల్ అందుకున్నవాడు) కలిసి అర శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో సైనికుల గాయాలు కడిగారు. గాయంలోకి రబ్బరు గొట్టాలు దించి, రెండేసి గంటలకొకసారి ద్రావణం వదిలేవారు. యాంటీబయాటిక్‌లు లేని రోజులవి. కుళ్ళిపోయిన కాళ్ళను నరికివేయడం తప్ప వేరే దారి లేని చోట ఎంతోమందికి అవయవాలు దక్కాయి.

ఇంకో సంగతి. ఆ 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం సిలిండర్ల మూతలు విప్పి శత్రువు కందకాల మీదికి వదిలిన వాయువు కూడా క్లోరినే.

షుగరు పాదం
నాది మధుమేహం. కాలి బొటనవేలి కింద పుండు పడితే నెల్లూరులో ఒక సర్జన్ స్ప్రే సీసా రాసిచ్చారు. దాని మీద "సూపర్ ఆక్సిడైజ్డ్ ద్రావణం" అని ఉంది. అది కూడా ఇదేనా? యూసాల్ లాగా మంట పుట్టలేదు.

మందుల షాపు
అదేనండీ. హైపోక్లోరస్ ఆమ్లం చాలా తక్కువ మోతాదులో, పీహెచ్ సరిచేసి, నిలవ ఉండేలా తయారుచేస్తారు. కంటిరెప్పల వాపుకు 0.01 శాతం స్ప్రే కూడా వస్తుంది. ఆ సీసా లేబుల్ మీద మోతాదు, బ్యాచి, గడువు తేదీ ఉంటాయి. జగ్గు యంత్రం నీళ్ళకు ఆ మూడూ ఉండవు. తేడా అక్కడే.

షుగరు పాదం
నా పుండు మానింది. స్ప్రే వల్లేనని మా ఇంట్లో అంటారు. నాకు మాత్రం అంత నమ్మకం లేదు. సర్జన్ వారం వారం చచ్చిన చర్మం చెక్కేశారు, షుగరు అదుపులోకి తెచ్చారు, కాలు మోపకూడదన్నారు. వీటిలో ఏది మాన్పిందో ఎలా చెప్పగలం?

పాత వార్డు సిస్టర్
షుగరు పాదం గారు సరిగ్గా చెప్పారు. 1980ల తర్వాత యూసాల్ మీద గొడవే జరిగింది. కుళ్ళును తీసేస్తుంది నిజమే, కొత్తగా వచ్చే ఎర్రటి కండను కూడా దెబ్బతీస్తుందని అన్నారు. శుభ్రపడిన పుండు మీద కూడా అలవాటుకొద్దీ అదే దోపేవాళ్ళు ఉండేవారు. అది తప్పు పద్ధతి. మధుమేహం ఉన్నవాళ్ళు దయచేసి మెస్ జగ్గులోని నీళ్ళు కాలి మీద పోసుకోవద్దు.

స్వచ్ఛజల డీలర్
ఈ వేదికలో కొందరు తెలియకుండా రాస్తున్నారు. మా యంత్రం ఆధునిక సాంకేతికత. 99.99 శాతం క్రిములు చస్తాయి. దుష్ప్రభావాలు సున్నా. పసిపిల్లలకూ వాడవచ్చు. బ్లీచింగ్‌తో పోల్చడం అన్యాయం.

ల్యాబు కోటు
స్వాగతం. మూడే ప్రశ్నలు. తయారైన నీళ్ళ పీహెచ్ ఎంత? క్లోరిన్ ఎన్ని పీపీఎం, అంటే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు? ఆ రెండూ నెల తర్వాత ఎంత?

స్వచ్ఛజల డీలర్
అవి కంపెనీ రహస్యాలు.

ఉలవపాడు సపోటా
పీహెచ్ కాగితం ముంచితే బయటపడే రహస్యం.

నిర్వాహకుడు
డీలరు గారూ, వ్యాపారం చెప్పుకోవచ్చు, ఫోను నంబరు మాత్రం పెట్టవద్దు. అది తీసేశాను. సపోటా గారూ, వేళాకోళం కాస్త తగ్గించండి.

ఇందుకూరుపేట గుంట
మా రొయ్యల రైతులకు ఇది రోజువారీ వ్యవహారం. సీడ్ (రొయ్య పిల్లలు) వేయకముందు రిజర్వాయరులో నీళ్ళు నింపుకొని బ్లీచింగ్ కొడతాం. 60 పీపీఎం లెక్క. ఎకరం గుంట, మీటరు లోతు అంటే సుమారు 4000 ఘనపు మీటర్లు, 240 కిలోల పొడి. సాయంత్రం పొద్దు వాలాకే కొట్టాలి. మిట్టమధ్యాహ్నం కొడితే ఎండే సగం తినేస్తుంది. కొట్టాక ఏరేటర్లు తిప్పితే నీళ్ళంతా ఒకటిగా కలుస్తుంది. తర్వాత కొన్ని రోజులు ఆగి, క్లోరిన్ ఉంటే పసుపు రంగు చూపే ఓటీ చుక్కలు వేసి, ఆ రంగు రాలేదని చూసుకొని సీడ్ వేస్తాం. తొందరపడితే థయోసల్ఫేట్ వేసి మిగిలిన క్లోరిన్‌ను విరుస్తాం.

1994, 95లలో తెల్లమచ్చ వైరస్ వచ్చి మా వైపు టైగరు రొయ్య గుంటలకు గుంటలే తుడిచిపెట్టుకుపోయాయి. అప్పట్లో ఏరు నీళ్ళు నేరుగా తోడుకునేవాళ్ళం. ఇప్పుడు వనామి రకం రొయ్య వేస్తున్నాం. బ్లీచింగ్ కొట్టకుండా నీళ్ళు పెట్టేవాడిని పక్క గుంటవాడు ఊరుకోడు.

ల్యాబు కోటు
గుంట గారూ, ఆ 60 పీపీఎం పొడి లెక్కా, క్లోరిన్ లెక్కా? పొడిలో క్లోరిన్ మూడో వంతే కదా. అంటే నిజానికి 20 పీపీఎం.

ఇందుకూరుపేట గుంట
పొడి లెక్కే. కొత్త బస్తా అయితే మీరు చెప్పిన 20 వస్తుంది. పాతది అంటగడితే దేవుడికే తెలియాలి. అందుకే బస్తా విప్పగానే వాసన ముక్కులు అదిరేలా లేకపోతే తిప్పి పంపిస్తాను. ఇంకో మాట. అడుగు బురద తీయకుండా బ్లీచింగ్ కొట్టడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. క్లోరిన్‌కు క్రిమి, కుళ్ళు అని తేడా లేదు, ముందు ఏది తగిలితే దాన్ని పట్టుకుంటుంది. మెస్ గారూ, జిడ్డు బల్ల మీద మీరు ఏ నీళ్ళు చల్లినా ఇదే కథ. ముందు సబ్బుతో రుద్దండి.

చీమకుర్తి గ్రానైట్
కెమిస్ట్రీ గారూ, ఒక సందేహం. ఉప్పునీటి గుంట పీహెచ్ 8 పైనే ఉంటుంది కదా. మీ లెక్కన అక్కడ ఆమ్లం ఐదో వంతు కూడా ఉండదు. మరి వైరస్ ఎలా చస్తోంది?

కందుకూరు కెమిస్ట్రీ
ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను! సముద్రపు నీళ్ళలో బ్రోమైడు లీటరుకు 65 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. హైపోక్లోరస్ ఆమ్లం అందులో పడిన కొద్ది క్షణాల్లోనే బ్రోమైడుతో కలిసి హైపోబ్రోమస్ ఆమ్లంగా మారిపోతుంది. గుంట గారు కొట్టే మోతాదుకు ఆ బ్రోమైడు చాలినంత కంటే ఎక్కువే. అంటే మీ గుంటలో తెల్లమచ్చ మీద యుద్ధం చేసేది క్లోరిన్ కాదు, బ్రోమిన్. హైపోబ్రోమస్ ఆమ్లం సగానికి సగం విడిపోయేది పీహెచ్ 8.7 దరిదాపుల్లో. కాబట్టి 8.2 దగ్గర కూడా ముప్పాతిక వంతు పనిచేసే రూపంలోనే ఉంటుంది. సముద్రం పక్కన ఉండటం వల్ల మీకు తెలియకుండానే కలిసివచ్చిన మేలు ఇది.

చరిత్రలో ఒక తమాషా చూడండి. మోంపెలియేలో ఆంటోయిన్ బలార్డ్ అనే కుర్రవాడు 1826లో ఉప్పు తీయగా మిగిలిన చేదు నీళ్ళలో బ్రోమిన్‌ను కనుక్కున్నాడు. 1834లో హైపోక్లోరస్ ఆమ్లాన్ని విడదీసి చూపించిందీ ఆయనే. ఆ రెండూ కలిసి పనిచేసే చోటు ఇందుకూరుపేట గుంట.

ఇందుకూరుపేట గుంట
ఇన్నేళ్ళుగా కొడుతున్నాను, బ్రోమిన్ సంగతి ఇప్పుడే వింటున్నాను. మా కన్సల్టెంటును అడుగుతాను, తెలుసో లేదో చూద్దాం.

కనిగిరి బోరు
మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు. పళ్ళ మీద గోధుమరంగు చారలు, నడుము వంగిపోవడం చూస్తూనే ఉన్నారు. ఈ యంత్రం దానికి పనికివస్తుందా? మా ఊళ్ళో కూడా ఎవరో అమ్ముతున్నారు.

కందుకూరు కెమిస్ట్రీ
పనికిరాదు. ఇది సూక్ష్మజీవులను చంపుతుంది, అంతే. నీళ్ళలో కరిగిన ఫ్లోరైడును ఇది తాకనైనా తాకదు. దానికి ఆర్‌ఓ గానీ, అల్యూమినా వడపోత గానీ, లేదంటే నది నీళ్ళు గానీ కావాలి. ఫ్లోరైడు పోతుందని చెప్పి అమ్మితే నిలదీయండి.

కనిగిరి బోరు
అలాగే చెబుతున్నారు. రేపు అడుగుతాను.

నీటిసరఫరా పాతకాపు
గ్రామీణ నీటి సరఫరాలో పనిచేశాను. కుళాయి చివర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలన్నది మన ప్రమాణం. అరగంట ఆగాక 0.5 ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అదీ పీహెచ్ 8 లోపు ఉంటేనే. పంచాయతీ ఆఫీసులో బ్లీచింగ్ బస్తా మూతి విప్పి తలుపు పక్కనే పెట్టి ఉండటం ఎన్ని ఊళ్ళలో చూశానో! గాలి, తేమ, వెలుతురు మూడూ దాని ప్రాణం తీస్తాయి. ట్యాంకులో పొడి వేశామన్న సంతకం మాత్రం రిజిస్టరులో ఉంటుంది. క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపులో మాత్రం రంగు రాదు.

నీళ్ళను క్లోరిన్‌తో శుద్ధి చేసి నిత్యం ఊరంతటికీ పంపడం అమెరికాలో మొదలైంది 1908లో, జెర్సీ సిటీలో. జాన్ లీల్ అనే వైద్యుడు ఎవరినీ అడగకుండా జలాశయంలో కలపడం ప్రారంభించాడు. కోర్టులో కేసు నడిచింది, చివరికి ఆయన పద్ధతే నిలిచింది.

ల్యాబు కోటు
ఇంకా వెనక్కి వెళ్తే సెమ్మెల్‌వైస్. 1847, వియన్నా. వైద్య విద్యార్థులు శవాలు కోసిన చేతులతో నేరుగా కాన్పులకు వచ్చేవారు. ఏప్రిల్‌లో ఆ వార్డులో బాలింతలు నూటికి 18 మంది చనిపోయారు. మే నెలలో ఆయన క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. జూన్‌లో ఆ సంఖ్య రెండు చిల్లరకు దిగింది. సూక్ష్మజీవుల వల్ల రోగాలు వస్తాయన్న సంగతిని అప్పటికి వైద్యలోకం గుర్తించలేదు. చేతులకు అంటిన శవాల వాసన పోగొట్టడానికే ఆయన దాన్ని ఎంచుకున్నాడు. తోటి వైద్యులు నమ్మలేదు. 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు.

చీమకుర్తి గ్రానైట్
వాసన పోతే రోగం పోతుందనుకొని మొదలుపెట్టారా! వంటాయనను ఎవరూ తక్కువ చేయకండి.

మల్లెల వీధి
2020లో మార్కెట్ల ముందు సొరంగాలు కట్టి మనుషుల మీద హైపోక్లోరైట్ చల్లారు, గుర్తుందా? మా అమ్మకు కళ్ళు మండి సాయంత్రం దాకా తెరవలేకపోయింది. ఆ ఏప్రిల్‌లోనే కేంద్ర ఆరోగ్యశాఖ మనుషుల మీద చల్లవద్దని చెప్పింది. వస్తువులకు వేరు, మనుషులకు వేరు అని అప్పుడు ఎవరూ ఆలోచించలేదు.

ఉలవపాడు సపోటా
ఈసారి వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నాను. పీహెచ్ తగ్గితేనే మంచిదైతే, మామూలు బ్లీచింగ్ నీళ్ళలో నిమ్మకాయ పిండితే సరిపోదా? 42 వేలు మిగులుతాయి.

పాత వార్డు సిస్టర్
వద్దు!

కందుకూరు కెమిస్ట్రీ
సిస్టర్ గారు ఒక్క మాటలో చెప్పారు, నేను కారణం చెబుతాను. పీహెచ్ బాగా దిగితే, ముఖ్యంగా 4 కిందికి పోతే, క్లోరిన్ వాయువుగా బయటికి వస్తుంది. నిమ్మరసం ఎంత పడితే ఎక్కడ ఆగుతుందో వంటగదిలో ఎవరూ కొలవలేరు. బాత్రూము యాసిడ్ కలిపితే ఇక చెప్పనక్కరలేదు. అమ్మోనియా ఉన్న క్లీనరుతో కలిసినా క్లోరమిన్లు పుట్టి ఊపిరి పట్టేస్తాయి. బ్లీచింగ్‌ను నీళ్ళలో తప్ప దేనిలోనూ కలపకండి.

మల్లెల వీధి
మా పక్కింట్లో మరుగుదొడ్డి కడగడానికి యాసిడ్, బ్లీచింగ్ రెండూ ఒకేసారి పోసి ఆ అమ్మాయి దగ్గుతూ వీధిలోకి పరుగెత్తింది. సపోటా గారూ, నిమ్మకాయను పప్పులోకి ఉంచుకోండి.

ట్రంకురోడ్డు మెస్
ఇంత చదివాక ఊరుకోలేకపోయాను. డీలరు గారిని బతిమాలి ఒక సీసాడు నీళ్ళు ఎదురుగానే చేయించుకొని, తెలిసినవాళ్ళ ఆక్వా ల్యాబులో ఇచ్చాను. కొత్తగా చేసిన నీళ్ళు: పీహెచ్ 8.7, క్లోరిన్ 60 పీపీఎం. అందులో సగం తెల్ల సీసాలో పోసి కిటికీలో పెట్టాను. వారం తర్వాత మళ్ళీ ఇస్తే చుక్కలు వేసినా రంగు రాలేదు.

కందుకూరు కెమిస్ట్రీ
8.7 దగ్గర ఆమ్ల రూపం నూటికి ఆరు పాళ్ళే. మీ జగ్గు తయారుచేసింది పల్చటి బ్లీచింగ్ నీళ్ళు. రెండు ధ్రువాల మధ్య పొర లేదు, క్షారం, క్లోరిన్ ఒకే నీళ్ళలో కలిసిపోయాయి, పైగా మన కుళాయి నీళ్ళే క్షారం వైపు ఉంటాయి. మంచి యంత్రాల్లో పొర పెట్టి ఆమ్లం వైపు నీళ్ళను విడిగా తీస్తారు, లేదా కొలిచిన మోతాదులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలుపుతారు. జపాన్ 2002లో ఆహార పరిశ్రమకు అనుమతించింది అలాంటి నీళ్ళనే. పేరు ఒకటే, వస్తువు వేరు.

స్వచ్ఛజల డీలర్
పెద్ద మోడల్లో పొర ఉంది. ధర కొంచెం ఎక్కువ. చిన్న మోడలు కూడా బల్లలకు బాగానే పనిచేస్తుంది, వందలమంది వాడుతున్నారు.

ల్యాబు కోటు
బల్లలకు పనిచేస్తుంది, కాదనను. 60 పీపీఎం హైపోక్లోరైట్ శుభ్రమైన బల్ల మీద ఎందుకు పనిచేయదు? అదే మాట చెప్పి అమ్మితే ఎవరికీ పేచీ లేదు. గాయాలు, పుక్కిలింత, ఆరు నెలలు, రసాయనం లేదు, ఈ నాలుగింటి దగ్గరే మీకూ మాకూ తగాదా.

ట్రంకురోడ్డు మెస్
మరి కూరగాయలకు, బల్లలకు ఏం వాడమంటారు? సులువుగా కొలిచేది చెప్పండి, మా పనివాళ్ళకు లెక్కలు రావు.

మందుల షాపు
5 శాతం సోడియం హైపోక్లోరైట్ కొనండి, సువాసన కలపనిది. లీటరు నీళ్ళకు ఒక మిల్లీలీటరు వేస్తే 50 పీపీఎం. పది లీటర్ల బకెట్టుకు పది మిల్లీలీటర్లు, అంటే దగ్గు మందు మూత ఒకటి. మట్టి పోయేదాకా కూరగాయలు ముందు మామూలు నీళ్ళలో కడగాలి, తర్వాత ఇందులో ఐదు నిమిషాలు ఉంచి, మళ్ళీ తాగే నీళ్ళతో కడగాలి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి. స్టీలు గిన్నెల్లో నిలవ ఉంచవద్దు, చిన్న చిన్న గుంటలు పడి తుప్పు పడుతుంది.

ట్రంకురోడ్డు మెస్
మూత లెక్క బాగుంది. యంత్రం వద్దని చెప్పేశాను. బావమరిది రెండు రోజులు మాట్లాడలేదు, నిన్న బిర్యానీకి వచ్చాడు.

స్వచ్ఛజల డీలర్
నాకు బిర్యానీ కూడా పెట్టలేదు.

ట్రంకురోడ్డు మెస్
పెద్ద మోడలు పీహెచ్ కాగితం పట్టుకొని రండి, పెడతాను.

గుడ్లూరు రింగుబావి
సందర్భం కాకపోయినా పాతకాపు గారిని ఒకటి అడగాలి. మాది ఇంటి వెనక రింగుబావి. వ్యాసం 1.2 మీటర్లు, నీళ్ళు ఐదు మీటర్ల లోతు. తుపాను నీళ్ళు లోపలికి దిగాయి. ఎంత బ్లీచింగ్ వేయాలి?

నీటిసరఫరా పాతకాపు
వరద నీళ్ళు దిగిన బావిలో వెంటనే పొడి చల్లడం వృథా. ముందు మోటారు పెట్టి నీళ్ళన్నీ తోడేయండి. అడుగున చేరిన బురద తీయించండి. రింగులను బ్లీచింగ్ నీళ్ళతో కడిగించండి. ఎవరినైనా దింపేముందు లోపల గాలి ఉందో లేదో చూసుకోండి, ఒక్కడినే దించకండి. కొత్త నీళ్ళు ఊరాక మొదటిసారి వాసన బాగా తగిలేలా ఎక్కువ మోతాదు వేసి ఒక రాత్రి ఉంచండి. ఆ నీళ్ళు కూడా వాసన పోయేదాకా తోడి పారబోయండి.

ఆ తర్వాత మామూలు మోతాదు. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, లోతుతో గుణించి, 3.14తో గుణించి నాలుగుతో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. మీది 5.65, అంటే 5650 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పొడి. మీకు 14 గ్రాములు. పొడిని నేరుగా చల్లవద్దు. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటిని వేరే బకెట్లోకి వంపండి. దాన్ని తాడుతో నీటి మట్టం కిందికి దించి, పైకీ కిందికీ ఊపుతూ కలపండి. రాత్రి వేస్తే పొద్దున వాడుకోవచ్చు.

గుడ్లూరు రింగుబావి
14 గ్రాములు అంటే చెంచాతో ఎంత?

నీటిసరఫరా పాతకాపు
చెంచా నమ్మకండి, పొడి గడ్డకడితే ఒకలాగా, మెత్తగా ఉంటే ఒకలాగా తూగుతుంది. కిరాణా కొట్లో తూయించి పొట్లాలు కట్టించి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి.

ఉలవపాడు సపోటా
కిరాణా కొట్టులో పంచదార పొట్లాల పక్కన పెట్టించకండి.